అనుమతి రద్దుకు గడువు దాటింది, నీళ్ల కేసుకు ఇంకా ఉంది

ప్రశ్న: మా ఊరి పక్కన బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ విస్తరణకు 14 నెలల క్రితం పర్యావరణ అనుమతి ఇచ్చారు. ప్రజాభిప్రాయ సేకరణలో ఊరంతా వద్దన్నాం. నాలుగు నెలలుగా బోర్లలో పసుపు నీళ్లు వస్తున్నాయి, నాన్న నిమ్మతోట ఎండిపోతోంది. ఎవరినడిగినా అభివృద్ధి, ఉద్యోగాలు అంటున్నారు. అనుమతి రద్దు చేయించవచ్చా? పోయిన వారమే తెలిసిందని కేసు వేస్తే చాలని ఒకరు చెప్పారు.

జవాబు: మీరు రాసినదాంట్లో కేసును తేల్చేవి రెండు తేదీలే. అనుమతి వచ్చిన రోజు, నీళ్లు చెడిన రోజు.

పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని సెక్షన్ 16 ప్రకారం అనుమతి మీద అప్పీలు 30 రోజుల్లో వేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. 90 దాటాక ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. ఆ రోజు మైకులో గట్టిగా మాట్లాడి వచ్చారు సరే, తర్వాత అనుమతి వచ్చిందా లేదా అని ఊళ్లో ఒక్కరైనా చూడాలి కదా! ఆ మూడు నెలలూ చేజేతులా పోగొట్టుకున్నారు.

పోయిన వారమే తెలిసిందని మాత్రం అఫిడవిట్‌లో రాయొద్దు. అనుమతిని బహిరంగంగా తెలియజేసిన రోజు నుంచే గడువు లెక్కేస్తారు. కంపెనీ పేపర్ ప్రకటన కటింగ్ తెచ్చి పెడుతుంది. అబద్ధపు అఫిడవిట్ నేరం, పైగా రేపు మీరు నీళ్ల గురించి చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

అభివృద్ధా, పర్యావరణమా అనే వాదన గురించి టెన్షన్ వద్దు. సుస్థిర అభివృద్ధి, ముందు జాగ్రత్త, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలనే సూత్రాలను పాటించాలని సెక్షన్ 20లోనే ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల దగ్గరి పరిశ్రమ కేసులో, హాని లేదని నిరూపించుకోవాల్సింది పరిశ్రమేనని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ గడువులోగా వెళ్తేనే ఇవన్నీ పనికొస్తాయి.

మీకు మిగిలింది సెక్షన్ 14, అంటే పర్యావరణ వివాదాల మీద నేరుగా ట్రిబ్యునల్‌లో కేసు వేయడం. నీళ్లు మొదట చెడిన రోజు నుంచి ఆరు నెలలు, అంటే ఇంకా రెండు నెలలుంది. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఈ వారమే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, వాళ్లే వచ్చి శాంపిల్ తీయాలని అడగండి. రసీదు తప్పనిసరి. మీరు సీసాలో పట్టి తెచ్చిన నీళ్లు ఎక్కడివో ఎవరికి తెలుసని కంపెనీ లాయర్ ఒక్క మాటలో కొట్టేస్తాడు. విస్తరణ కోసం కంపెనీ ఇచ్చిన పర్యావరణ ప్రభావ నివేదిక సంపాదించండి, చుట్టుపక్కల భూగర్భ జలాల పరీక్ష ఫలితాలు అందులో ఉంటాయి. అప్పుడు నీళ్లు బాగున్నాయని అందులో ఉంటే, అది కంపెనీయే రాసి ఇచ్చిన కాగితం, మీ చేతిలో అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. అనుమతి షరతులు, ఆరు నెలలకోసారి కంపెనీ ఇచ్చే అమలు నివేదికలు సమాచార హక్కు కింద తీసుకోండి.

తోట నష్టపరిహారానికి సెక్షన్ 15 కింద ఐదేళ్ల గడువుంది, కానీ చెట్లు కొట్టేయకముందే ఉద్యాన అధికారితో తనిఖీ చేయించండి. మన రెండు రాష్ట్రాల కేసులూ చెన్నై బెంచ్‌కి వెళ్తాయి. నీళ్ల రంగు మొదట ఏ రోజు మారిందో నాన్నగారిని అడిగి ఈరోజే రాసి పెట్టుకోండి, ఆరు నెలల లెక్క అక్కడి నుంచే.