ఈఎస్‌పీ32 వెబ్ సర్వర్ పేజీని మనకు కావలసినట్టు మార్చుకోవడం ఎలా?

మోటారును ఫోను నుంచి ఆన్ చేయడానికి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు) మీద నడిచే మీ పేజీ కోడ్ పెట్టి మీరు అడిగినవి రెండు: పేజీలో రంగు మార్చినా ప్రోగ్రామ్ మొత్తం మళ్లీ కంపైల్ చేయవలసి (బోర్డుకు అర్థమయ్యే రూపంలోకి మార్చవలసి) రావడం ఎందుకు, ఇంట్లో చక్కగా కనిపించిన పేజీ పొలంలో బోసిగా రావడం ఎందుకు అని. మా బోరు మోటారు స్టార్టర్ పెట్టెలో ఇదే బోర్డు చాలాకాలంగా నడుస్తోంది కనుక, నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను.

ముందు రెండో ప్రశ్న. పేజీ అందం కోసం మీరు బూట్‌స్ట్రాప్ (పేజీలకు సిద్ధంగా దొరికే అలంకరణ ఫైళ్లు) వంటిదాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే లింకు పెట్టి ఉంటారు. ఇంట్లో రౌటర్ ఉంది కాబట్టి ఆ ఫైళ్లు వస్తాయి. పొలంలో ఫోను నేరుగా బోర్డు వైఫైకి కలిసి 192.168.4.1 తెరుస్తుంది, దాని వెనుక ఇంటర్నెట్ ఉండదు. కాబట్టి పేజీకి కావలసిన ప్రతి ఫైలూ బోర్డులోనే ఉండాలి. నిజానికి రెండు బటన్లకూ ఒక పట్టికకూ బూట్‌స్ట్రాప్ అక్కర్లేదు, చేత్తో రాసుకున్న కొద్దిపాటి సీఎస్‌ఎస్ (రంగులు, అమరిక చెప్పే కోడ్) చాలు.

ఇక మొదటిది. పేజీ ప్రోగ్రామ్ లోపలే ఉండటం వల్ల ఆ బాధ. హెచ్‌టీఎంఎల్‌ను (పేజీ కోడ్‌ను) ప్రోగ్రామ్‌లో స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా రాయకుండా, ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని బోర్డు మెమరీ; మామూలు మాడ్యూళ్లలో 4 ఎంబీ ఉంటుంది) లిటిల్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు కొంత భాగం కేటాయించి ఫైళ్లుగా పెట్టండి. వాటిని జీజిప్ చేసి (కుదించి) చివర డాట్ జీజెడ్ ఉంచితే, ఆర్డుయినో వెబ్ సర్వర్ లైబ్రరీలోని సర్వ్‌స్టాటిక్ ఫంక్షన్ వాటిని తానే గుర్తించి పంపుతుంది, బ్రౌజర్ విప్పుకుంటుంది. పేజీ ఎప్పుడూ మారకుండా ఉంటుంది, మోటారు స్థితి, కరెంటు ఉందో లేదో వంటి విలువలను మాత్రం జావాస్క్రిప్ట్ రెండు మూడు సెకన్లకోసారి చిన్న జేసన్‌గా (పేరు, విలువల జతలుగా రాసిన పాఠంగా) అడిగి తెచ్చుకుంటుంది. దీనివల్ల ప్రతిసారీ పెద్ద స్ట్రింగులు అతికించి ర్యామ్‌లోని ఖాళీ చోటును ముక్కలు చేసే పని కూడా తప్పుతుంది. ఒక జాగ్రత్త: ఫైల్ సిస్టమ్ ఇమేజ్‌ను (ఆ ఫైళ్లన్నీ కలిపిన మూటను) మళ్లీ ఎక్కిస్తే ఆ భాగంలోని పాతదంతా పోతుంది, అందుకే టైమర్ వేళలు, పాస్‌వర్డు వంటి సెట్టింగులను ప్రిఫరెన్సెస్ లైబ్రరీతో విడిగా దాచుకోవాలి.

మీరు పెట్టిన కోడ్‌లో నాకు అన్నిటికన్నా భయం కలిగించింది, మోటారు ఆన్ చేసే చిరునామా గెట్ అభ్యర్థనకు, అంటే చిరునామా తెరిస్తే చాలు, పనిచేయడం. ఎవరైనా పాత ట్యాబ్‌ను రిఫ్రెష్ చేసినా, బ్రౌజర్ మూసిన పేజీని తానే తిరిగి తెరిచినా మోటారు తిరుగుతుంది. ఆ సమయంలో స్టార్టర్ దగ్గర మనిషి చెయ్యి ఉండవచ్చు. దాన్ని పోస్ట్‌కు (బటన్ నొక్కి పంపే అభ్యర్థనకు) మార్చి, పాస్‌వర్డు అడిగేలా చేయండి. వెబ్ పేజీ ఎంత బాగున్నా, మరమ్మతు చేసేటప్పుడు మెయిన్ స్విచ్ దించవలసిందే.

ఇక పేజీ అప్పుడప్పుడు బిగుసుకుపోతుంటే, దానికి కారణం లూప్‌లో (ప్రోగ్రామ్‌లో పదే పదే నడిచే భాగంలో) మీరు పెట్టిన ఐదు సెకన్ల డిలే, అంటే ఆగుడు. బ్రౌజర్ అభ్యర్థనలు చూసే హ్యాండిల్‌క్లయింట్ ఫంక్షన్‌కు వంతు వచ్చేదాకా ఈ సర్వర్ ఎవరికీ జవాబు ఇవ్వదు. డిలే తీసేసి, మిల్లిస్ ఫంక్షన్‌తో (బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు చెబుతుంది) సమయం చూసుకోండి; దీనికోసం అసింక్ లైబ్రరీకి (లూప్ వంతు కోసం ఆగని వెబ్ సర్వర్‌కు) మారవలసిన అవసరం లేదు.