మిర్చి పనితో చేతులు వాచి మండుతున్నాయి.. అలర్జీయేనా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లెటూరు. అమ్మకు 46 ఏళ్లు. ఎండుమిర్చి తొడిమలు తీసే కూలికి పోతోంది. రాత్రయ్యేసరికి చేతులు ఎర్రబడి, వాచి, భగభగ మండుతున్నాయి. గోరువెచ్చని నీళ్లు తగిలినా ఓర్చుకోలేకపోతోంది. ఎక్కడా గాయం లేదు. ఇది అలర్జీయా? రోగనిరోధక శక్తి తగ్గిందా? – ఒక పాఠకుడు, హనుమకొండ జిల్లా

డాక్టర్ సలహా: మీరు రాసినదాన్ని బట్టి ఇది అలర్జీ కన్నా మిర్చి ఘాటు వల్ల వచ్చిన మంటలాగే ఉంది. రోగనిరోధక శక్తి తగ్గిందని భయపడకండి. ఆ వాపులో రోగనిరోధక వ్యవస్థ చెయ్యి కూడా ఉంది. దాన్ని లేపింది మాత్రం చర్మంలోని నరాలు.

మిర్చికి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం చర్మంలోకి ఇంకి, నొప్పిని పసిగట్టే నరాల కొసల మీదుండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని (వేడిని పసిగట్టే తలుపు లాంటిది) తెరుస్తుంది. మామూలుగా అది దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకుంటుంది. అందుకే నిప్పు తగలకున్నా కాలినట్టే ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని కనిపెట్టింది ఈ ఘాటు గుట్టు వెతుకుతూనే. 2021 నోబెల్ బహుమతి పంచుకున్న వారిలో ఆయన ఒకరు.

నరం మెదడుకు కబురు పంపి ఊరుకోదు. అదే కొసల నుంచి సబ్‌స్టెన్స్ పీ, సీజీఆర్‌పీ అనే పదార్థాలను అక్కడికక్కడే వదులుతుంది. రక్తనాళాలు వెడల్పయి చర్మం ఎర్రబడుతుంది, వాటిలోంచి నీరు ఊరి వాపు వస్తుంది. పక్కనుండే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు దురద, వాపు తెచ్చే హిస్టమిన్ వదులుతాయి. గాయం లేకుండానే వాపు వచ్చేది ఇలాగే. ఆ తర్వాత వాచిన చోట తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు, నరాల పెరుగుదల కారకం అనే పదార్థాలు తిరిగి ఆ నరాన్నే రెచ్చగొడతాయి. 43 డిగ్రీల హద్దు కిందికి దిగిపోతుంది. అమ్మకు గోరువెచ్చని నీళ్లు కూడా సలసల కాగినట్టు అనిపించేది అందుకే. రోజూ అదే పని చేస్తుంటే నరాలు, రోగనిరోధక కణాలు ఒకదాన్నొకటి ఎగదోస్తూనే ఉంటాయి.

కాబట్టి ముందు ఘాటు తగలకుండా చూడాలి. గుడ్డ తొడుగుల్లోంచి కారం దిగుతుంది, నైట్రైల్ గ్లౌజులు వాడమనండి. క్యాప్సైసిన్ ఉత్త నీళ్లకు వదలదు. పని అయ్యాక చేతులకు వంటనూనె రాసి తుడిచి, సబ్బుతో చల్లటి నీళ్లతో కడగాలి. కడిగేదాకా కళ్లు ముట్టుకోవద్దు. అలర్జీ మాత్రతో దురద కాస్త తగ్గినా, మంట పెద్దగా తగ్గదు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ తెచ్చి రాయడం మాత్రం వద్దే వద్దు, వారాల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది.

పని మానేసి నాలుగైదు రోజులైనా తగ్గకపోయినా, పొక్కులు, చీము కనిపించినా, అమ్మకు షుగర్ ఉన్నా చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపించండి. ముఖం ఉబ్బినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.