నాన్నగారికి వైరల్ న్యుమోనియా అన్నారు, సీటీ స్కాన్ ఇప్పుడే తీయించాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది, ఐదు రోజులుగా జ్వరం, దగ్గు. ఫ్లూ పాజిటివ్ వచ్చింది. గాజువాకలో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి వైరల్ న్యుమోనియా అని మందులిచ్చారు, సీటీ ఇప్పుడు అక్కర్లేదన్నారు. చుట్టాలేమో "స్కాన్ తీయించకుండా ఇంట్లో ఎలా ఉంచారు, స్కోరు ఎంతో తెలియాలి కదా" అని మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు.

నేను విశాఖ మహారాణిపేటలో ఒక స్కాన్ సెంటర్లో సీటీ టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాను కాబట్టి మందుల సంగతి మీ డాక్టరుగారే చూస్తారు. ఛాతీ స్కాన్లు తీయడం మాత్రం నా రోజువారీ పని, 2021 కోవిడ్ సెకండ్ వేవ్‌లోనూ మెషీన్ దగ్గరే ఉన్నాను. నా మాట ఇది: మీ డాక్టరుగారు చెప్పింది సబబే. ఇప్పుడు మీరు చూడాల్సింది స్కోరు కాదు, నాన్నగారి ఆక్సిజన్.

ముందు ఆ స్కోరు ఎలా వస్తుందో చెప్తాను, తెలిస్తే సగం భయం పోతుంది. కుడి ఊపిరితిత్తిలో మూడు, ఎడమదాంట్లో రెండు, మొత్తం ఐదు లోబ్‌లు, అంటే భాగాలు ఉంటాయి. ఒక్కో దాంట్లో ఎంత మేర జబ్బు పాకిందో రేడియాలజిస్ట్ కంటితో అంచనా కట్టి మార్కులేస్తారు. 5 శాతం లోపైతే 1, 75 శాతం దాటితే 5. అన్నీ కూడితే 25కి ఇంత అని వస్తుంది. 7 దాకా తక్కువ, 8 నుంచి 17 మధ్యస్థం, 18, ఆపైన తీవ్రం అని మన దగ్గర చాలా రిపోర్టుల్లో రాసేవారు. అది కోవిడ్ కోసం వాడుకలోకి వచ్చిన లెక్క. ఫ్లూ రోగికి ఆ గీతలు అలాగే పెట్టి "ఇంత దాటితే ప్రమాదం" అనడం కుదరదు. కో-రాడ్స్ అని ఇంకో అంకె ఉంటుంది, 2020లో నెదర్లాండ్స్ రేడియాలజిస్టులు తయారుచేసింది. అది 5 అని కనపడగానే జబ్బు ముదిరిపోయిందని ఏడ్చినవాళ్లను చూశాను. నిజానికి అది తీవ్రత కాదు, స్కాన్ చూస్తే కోవిడ్ అనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె మాత్రమే.

పైగా ఏ వైరస్ అన్నది సీటీ చెప్పలేదు. ఆవిరి పట్టిన అద్దంలా ఊపిరితిత్తి అక్కడక్కడా మసకబారడాన్ని గ్రౌండ్ గ్లాస్ అంటారు. కోవిడ్‌లో అది రెండు వైపులా, అంచుల దగ్గర, కింది భాగాల్లో ఎక్కువ కనపడుతుంది. ఫ్లూలోనూ, అడినో వైరస్‌లోనూ మసకే వస్తుంది, గుండె బలహీనమై నీరు చేరినా వస్తుంది. నాన్నగారికి ఫ్లూ అని టెస్టులో తేలిపోయింది, న్యుమోనియా అని ఎక్స్‌రేలో తేలిపోయింది. ఇప్పుడు సీటీ తీస్తే ఆ రెండు మాటలే ఇంకాస్త స్పష్టమైన బొమ్మల్లో వస్తాయి, మందు మారదు.

రోజుల లెక్క కూడా ఉంది. కోవిడ్‌లో లక్షణాలు మొదలైన ఒకటి రెండు రోజుల్లో చాలామందికి సీటీ మామూలుగా వచ్చేది. జబ్బు బొమ్మలో బాగా కనపడేది పదో రోజు ప్రాంతంలో. మూడో రోజున పరుగెత్తుకొచ్చి "నార్మల్" అనిపించుకుని ధీమాగా వెళ్లినవాళ్లు వారానికి ఆయాసంతో తిరిగొచ్చేవారు. 2021 ఏప్రిల్లో మన స్టీల్ ప్లాంటులో ట్యాంకర్లు నింపుకుని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయల్దేరిన రోజులవి. మా సెంటర్ ముందు మాత్రం జనం స్కోరు కోసం నిలబడి ఉండేవారు, చాలామంది వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసుకుని కూడా ఉండరు. హెచ్‌ఆర్‌సీటీకి, అంటే ఈ ఛాతీ సీటీకే, 3,000 రూపాయలకు మించి తీసుకోకూడదని రాష్ట్ర ప్రభుత్వం అప్పుడే కట్టడి చేసింది. నన్ను బాగా బాధపెట్టింది వేరే ఉంది. స్కోరు 6 అని చూసి, ఆక్సిజన్ 97 ఉన్నా, ఎవరో చెప్పారని ఇంట్లోనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టడం. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే కోవిడ్ మందుల ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్లకే మేలు చేసింది, అవసరం లేనివాళ్లకు మేలు కనపడలేదు. షుగర్ ఉన్నవాళ్లకి అది షుగర్‌ని అమాంతం పెంచుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ ఎవరిని ఎక్కువగా పట్టిందో గుర్తుండే ఉంటుంది. నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి ఇది మరీ మరీ చెప్తున్నాను, డాక్టర్ రాయని స్టెరాయిడ్ ఇంట్లోకి రానివ్వకండి.

రేడియేషన్ గురించి కూడా అడిగారు. 2021 మేలో అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300-400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానం అన్నారు. రేడియాలజిస్టుల సంఘం వెంటనే ఖండించి, కొత్త మెషీన్లలో తక్కువ డోసుతో తీస్తే 5 నుంచి 10 ఎక్స్‌రేలంతే అంది. ఎంత డోసన్నది తీసే పద్ధతిని బట్టి ఉంటుంది. 63 ఏళ్ల మనిషికి అవసరమైన ఒక్క స్కాన్ గురించి నేనైతే భయపడను. తగ్గిందో లేదో చూద్దామని వారం వారం తీయించడమే తప్పు. మనిషి కోలుకున్నా బొమ్మలో మసక కొన్ని వారాలు ఉండిపోతుంది, అది చూసి మళ్లీ టెన్షన్.

మరి సీటీ ఎప్పుడు? ఆక్సిజన్ పడిపోతూ ఎక్స్‌రేలో దానికి తగ్గ కారణం కనపడనప్పుడు. మందులు వాడుతున్నా రోజురోజుకీ దిగజారుతున్నప్పుడు. ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ కట్టిందేమో అని డాక్టర్‌కి అనుమానం వస్తే, అప్పుడు నరంలోకి కాంట్రాస్ట్ అనే మందు (రక్తనాళాలు బొమ్మలో కనపడటానికి) ఎక్కించి తీసే స్కాన్ వేరు, దానికి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి. ఇంకొకటి, ఫ్లూలో ప్రత్యేకంగా గమనించాల్సింది: జ్వరం తగ్గి ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం, పసుపు కఫం, ఛాతీలో పోటు మొదలైతే వైరస్‌కి తోడు బ్యాక్టీరియా చేరిందేమో చూడాలి. అప్పుడైనా ముందు ఇంకో ఎక్స్‌రే, సీటీ అవసరమా అన్నది డాక్టర్ చెప్తారు.

ఒకవేళ తీయించాల్సి వస్తే ఒక్క విషయం ఇంట్లోనే ప్రాక్టీస్ చేయించండి: నిండా గాలి పీల్చి పది సెకన్లు కదలకుండా ఆపడం. మా టేబుల్ మీద పడుకున్న పెద్దవాళ్లు "గాలి పీల్చి ఆపండి" అన్న రికార్డు మాట రాగానే కంగారుపడి సగం పీల్చి వదిలేస్తారు, లేదా దగ్గొచ్చేస్తుంది. గాలి నిండని ఊపిరితిత్తి బొమ్మలో లేని మసక చూపిస్తుంది, కదిలితే అంచులు చెదిరిపోతాయి. ఆయాసం ఉన్నవాళ్లకు నేను పక్కన నిలబడి రెండుసార్లు పీల్పించి చూశాకే బటన్ నొక్కుతాను. మెడలో గొలుసు, మొలతాడుకున్న తాయెత్తు ముందే తీసేయండి. అమ్మగారికే ఎప్పుడైనా తీయించాల్సి వస్తే, పుస్తెలు తీయడం ఇష్టం లేకపోతే కాసేపు పసుపుతాడు వేసుకోవచ్చు, తాడు బొమ్మకి అడ్డం రాదు.

ఇప్పటికి మీరు చేయాల్సింది: రోజుకి నాలుగైదుసార్లు ఆక్సిజన్ చూసి రాసిపెట్టండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది, వేడెక్కాక పెట్టి, అంకె నిలకడగా నిలిచాక చదవండి. నాన్నగారు నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో గడియారం పెట్టి లెక్కపెట్టండి. ఆక్సిజన్ 93కి దిగినా, ఊపిరి 24 దాటినా అదే రోజు డాక్టర్‌ దగ్గరికి. 90 లోపుకి పోయినా, మాట తడబడినా, పెదాలు నీలంగా మారినా మా లాంటి స్కాన్ సెంటర్‌కి రావద్దు, 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, కేజీహెచ్ అయినా విమ్స్ అయినా. అక్కడ ముందు ఆక్సిజన్ పెడతారు, స్కాన్ కావాలంటే వాళ్లే పంపుతారు. మొన్నటి ఎక్స్‌రే ఫిల్మ్ కూడా తీసుకెళ్లండి, కొత్తదాని పక్కన పెట్టి పోల్చి చూస్తారు.