అమెరికన్ కామిక్ 'ఎక్స్-మెన్'లో, పుట్టుకతో వింత శక్తులున్న మ్యూటెంట్లకి గురువైన ప్రొఫెసర్ ఎక్స్ అంటే అహింసతో పోరాడిన నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్, ఆయన శత్రువు మాగ్నెటో అంటే ఆ కాలంలోనే ఆత్మరక్షణ మాట ఎత్తిన మరో నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ అంటారు. నిజమేనా?

కాదు. యూట్యూబ్ వీడియోల్లో చెప్పినంత నిజం మాత్రం అస్సలు కాదు. మూడేళ్ళ కిందట మా అమ్మాయి ఇదే మాట పోస్టర్ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. దాన్ని మా పక్కింటి పెద్దాయన చూశాడు. ఈ జవాబు అందుకే రాస్తున్నాను.

మేం ఉండేది అమెరికాలో, అట్లాంటా శివార్లలో. ఫిబ్రవరి వస్తే ఇక్కడ బళ్ళలో నల్లజాతి చరిత్ర మాసం అని పిల్లలకి ప్రాజెక్టులు ఇస్తారు. రెండు వారాల ముందే ఇస్తారు. మా పిల్లకి మాత్రం సోమవారం ఇవ్వాల్సింది ఆదివారం మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఆ టెన్షన్‌లో నేను పోస్టర్ బోర్డు కోసం రెండు షాపులు తిరిగి వచ్చేసరికి ఆవిడగారు అంతా తేల్చేసింది. ఎడమవైపు కింగ్, ఆయన పక్కన చక్రాల కుర్చీలో ప్రొఫెసర్ ఎక్స్. కుడివైపు మాల్కమ్, ఆయన పక్కన హెల్మెట్ పెట్టుకున్న మాగ్నెటో. కింద 'మంచివాడు', 'కోపిష్టివాడు' అని. బొమ్మలు బాగానే వేసింది. నాకూ తప్పేమీ కనబడలేదు, నేనూ అదే విని ఉన్నాను కదా.

జిగురు ఆరాలని గ్యారేజీలో పెట్టాం. అప్పుడే పక్కింటాయన మా నిచ్చెన తిరిగివ్వడానికి వచ్చాడు. డెబ్బై దాటిన నల్లాయన, సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. నిచ్చెన కింద పెట్టకుండానే పోస్టర్ అంతా చదివాడు. చదివి, "మాల్కమ్ ఏ మిసైల్ స్థావరాన్ని పట్టుకున్నాడమ్మా?" అని అడిగాడు.

మా పిల్ల నా వైపు చూసింది. నేను నిచ్చెన వైపు చూశాను.

1963లో వచ్చిన ఎక్స్-మెన్ మొదటి సంచికలో మాగ్నెటో చేసే పని అదేనట. సైనిక స్థావరం మీద పడి మిసైళ్ళు చేతిలోకి తెచ్చుకోవడం. గాయం లేదు, గతం లేదు, లోకాన్ని ఏలాలన్న పిచ్చి తప్ప ఇంకేమీ లేదు. ఆ సంచికని ఆయన చిన్నప్పుడు 12 సెంట్లు పెట్టి కొనుక్కున్నాడు. "ఆ అయిదుగురు పిల్లల్లో నాలాంటివాడు ఒక్కడూ లేడు. ఒకడికి ఒళ్ళంతా మంచు. లోపల వాడు నా రంగే అనుకునేవాణ్ణి. తర్వాత ఒక సంచికలో మంచు కరిగింది. చూస్తే తెల్ల కుర్రాడే" అని గట్టిగా నవ్వాడు. మాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

ఆయన వెళ్ళాక ఇద్దరం కూర్చుని చదవడం మొదలుపెట్టాం. నేనైతే తర్వాత నెలల తరబడి చదివాను. నాకు తేలిందేంటంటే, ఈ పోలిక మాల్కమ్‌కే కాదు, కింగ్‌కీ అవమానమే. ప్రొఫెసర్ ఎక్స్ చేసేదేంటి? పెద్ద బంగళాలో ప్రైవేటు బడి పెట్టి, పిల్లలని లోకానికి కనబడకుండా దాచడం. రెండో సంచికకే ఆయనకి అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంటుతో దోస్తీ. అది వచ్చిన రోజుల్లోనే, 1963 అక్టోబరులో, కింగ్ ఫోన్లు వినడానికి అదే ఎఫ్‌బీఐకి అనుమతి దొరికింది. కింగ్ ఎవరినీ దాచలేదు. వీధిలోకి తెచ్చాడు, ఆ ఏడు ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో తానే జైలుకెళ్ళాడు. ఇక మాల్కమ్ ఆత్మరక్షణ గురించి మాట్లాడాడే గానీ ఎవరి మీదకీ దండెత్తలేదు. కింగ్, మాల్కమ్ జీవితంలో కలిసింది ఒక్కసారి. 1964 మార్చి 26న, సెనేట్‌లో పౌరహక్కుల బిల్లు మీద చర్చ జరుగుతుంటే, నడవాలో ఓ నిమిషం పాటు. ఇద్దరూ నవ్వుతున్న ఫోటో ఉంది. జన్మ శత్రువులంటూ వీడియోలు చేసేవాళ్ళు ఆ ఫోటోనే థంబ్‌నెయిల్‌గా పెడతారు, అదీ విచిత్రం.

మాగ్నెటోకి మనసు పెట్టింది 1975లో వచ్చిన రచయిత క్రిస్ క్లేర్‌మాంట్. నాజీ మరణశిబిరం నుంచి బతికి బయటపడ్డ పిల్లవాడన్న గతం 1981లో, 150వ సంచికలో వచ్చింది. ప్రొఫెసర్ ఎక్స్‌నీ, మాగ్నెటోనీ రాసేటప్పుడు తన మనసులో ఉన్నది ఇజ్రాయెల్ నాయకులు బెన్ గురియన్, మెనాహెమ్ బెగిన్ అని ఆయనే చెప్పుకున్నాడు. మొదట్లో ఎక్స్-మెన్ రాసిన స్టాన్ లీ కూడా తర్వాతి ఇంటర్వ్యూల్లో పౌరహక్కుల పోలికకి తలూపాడు. హిట్టయ్యాక ఎవరైనా ఊపుతారు.

పౌరహక్కుల పోరాటం సూపర్ హీరో కామిక్‌లోకి నిజంగా అడుగుపెట్టింది ఎక్కడంటే, నేను 1970 నాటి గ్రీన్ లాంటర్న్ 76వ సంచిక చూపిస్తాను. డెనిస్ ఓనీల్ రచన, నీల్ ఆడమ్స్ బొమ్మలు. ఒక ముసలి నల్లాయన హీరోని నిలబెట్టి అడుగుతాడు: ఏవేవో గ్రహాల్లో నీలం చర్మం వాళ్ళకి, నారింజ చర్మం వాళ్ళకి సాయం చేశావంట, మరి నల్ల చర్మం వాళ్ళకేం చేశావు? వేలికి అంత శక్తిగల ఉంగరం పెట్టుకున్నవాడు తల దించుకుంటాడు. కరెంటు లాంటి పేజీ అది. అందులో రూపకాలూ లేవు, మ్యూటెంట్లూ లేరు, సూటి ప్రశ్న ఒక్కటే.

మధ్యలో ఒక గొడవ చెప్పుకోవాలి. తలా ఒక వంట తెచ్చుకునే మన పాట్‌లక్ భోజనాల్లో పులిహోర ప్లేటు పట్టుకుని, "మనం చదువుకుని వచ్చాం, ఈ నల్లవాళ్ళలా రోడ్డెక్కలేదు" అనే బాబాయిలు ఊరికొకరుంటారు. 1946 నుంచి భారతీయులకి ఇక్కడ వచ్చి స్థిరపడడానికి ఏడాదికి ఇచ్చిన కోటా 100 మంది. ఆ కోటాలని ఎత్తేసిన చట్టం మీద 1965 అక్టోబరులో సంతకం పడింది. ముందు ఏడాదే వచ్చిన పౌరహక్కుల చట్టం ఊపులోనే ఇదీ వచ్చింది. వాళ్ళు రోడ్డెక్కకపోతే బాబాయి పులిహోర గుంటూరులోనే తినేవాడు. ఇది ఒకసారి పైకే అన్నాను. అప్పట్నుంచి వాళ్ళింటి వ్రతాలకి పిలుపు లేదు.

సరే, పోస్టర్ సంగతి. రాత్రి పదింటికి మా పిల్ల కుడి, ఎడమ రెండూ చింపేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి జాన్ లూయిస్‌ని వేసింది. మా అట్లాంటా నుంచి కాంగ్రెస్‌కి ఎన్నికైనాయన. 1957 చివర్లో, బస్సుల్లో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టడానికి ఎదురుతిరిగిన మాంట్‌గమరీ బస్సుల బహిష్కరణ మీద 16 పేజీల కామిక్ ఒకటి అచ్చయింది, వెల 10 సెంట్లు. దాన్ని చదివిన కుర్రాళ్ళలో ఆయనొకడు. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం ఊరేగింపుగా నడుస్తుంటే సెల్మా వంతెన మీద పోలీసుల లాఠీకి తల పగిలింది. ముసలితనంలో ఆయనే తన కథని కామిక్‌గా రాయించాడు. 2015లో సాన్ డియేగో కామిక్ మేళాకి ఆనాటి కోటు లాంటి కోటు, ఆనాటి సంచి లాంటి సంచి వేసుకొచ్చి, పిల్లలని వెంటేసుకుని నడిచాడు. సెల్మా రోజున ఆ సంచిలో రెండు పుస్తకాలు, ఒక ఆపిల్, ఒక నారింజ, టూత్‌బ్రష్ ఉన్నాయి, ఎలాగూ జైల్లో పడేస్తారని. మా పిల్ల ఆ సంచిని విప్పి లోపలివన్నీ కనబడేలా వేసింది. బ్రష్షు మరీ పెద్దదైపోయింది.

టీచరుకి ఎందుకో నచ్చలేదు. 'సూపర్ హీరో ఎక్కడ?' అని రాసి మార్కులు తగ్గించింది. పోస్టర్‌ని పక్కింటాయన అడిగి తీసుకున్నాడు, వాళ్ళ గ్యారేజీ గోడకి తగిలించాడు. ఆ రోజు మాటల్లో పడి నిచ్చెన కూడా మళ్ళీ తనతోనే పట్టుకెళ్ళాడు. ఇంతవరకూ తిరిగి రాలేదు.