అత్త ఒక్కతే కాదు తమ్మీ

తమ్మీ,

నువ్వు పంపిన కథ చదివిన. అత్త సతాయించింది, యాదమ్మకు మతి చెడింది. కథంతా ఈ ఒక్క ముచ్చట మీదనే నడిపినవ్. చదివెటోళ్లకు కోపమైతె వస్తది. అది తెప్పిచ్చుడు అల్కటి పని.

యాదమ్మకు చెవుల మాటలు వినపడ్తున్నయని రాసినవ్ గదా. అసొంటి జబ్బు ఉత్త తిట్లతోని పుట్టదు. వంశంల కొంత ఉంటది, బతుకుల బరువు కొంత తోడైతది. తిట్లు చేసేదేందంటే, తగ్గిన జబ్బును మళ్ల తిరగబెడ్తయి. 1950ల చివర్ల లండన్ల జార్జ్ బ్రౌన్ అనే సమాజ శాస్త్రవేత్త, మానసిక దవాఖాన నుంచి ఇంటికి పోయినోళ్లు ఎట్లున్నరో చూసుడు మొదలుపెట్టిండు. పొద్దస్తమానం తప్పులు పట్టే ఇండ్లల్లనే కాదు, మితిమీరి పానం పెట్టే ఇండ్లల్ల గూడ జబ్బు ఎక్కువ తిరగబెడ్తదని ఆ పరిశోధనల తేలింది. నీ కథల ఈ రెండో ఇల్లు లేదు. బిడ్డను గడప దాటనియ్యని తల్లిగారిల్లు రాసి చూడు, చెయ్యి ఆడదు.

మొగడు బొంబాయికి వలస పోయిండని ఒక్క వాక్యంల దాటేసినవ్. పాలమూరు మనిషివి, అట్లెట్ల దాటినవ్? మేస్త్రి దగ్గర అడ్వాన్సు ఎంత తీస్కుండు, దేనికి ఖర్చయింది, ఫోన్ రాని రోజు యాదమ్మ ఏంజేసింది? కథ ఆడ ఉంది.

మామ తాగేది ఏ కల్లు? 2015ల కల్తీ కల్లు మీద దాడులైనప్పుడు మన జిల్లాల జనం వణుక్కుంట, ఫిట్స్ వచ్చి, ఏందేందో మాట్లాడుకుంట దవాఖానలకు వచ్చిండ్రు. కల్లుల కలిపే అల్ప్రాజోలం, డైజీపాం అనే మత్తు మందులు ఒక్కసారి బందైతే మనిషి అట్లనే అయితడు. చూసినోళ్లు గాలి సోకిందనుకుంటే వాళ్ల తప్పేంది?

గాలి పోవాలని జనం పోయే చెర్వుగట్టు గుడి కాడి అమాస రాత్రి మాత్రం మంచిగ రాసినవ్, ఎవ్వర్ని ఎక్కిరియ్యలే. ఎర్రగడ్డ దవాఖానను జైలు లెక్క చూపిచ్చినవ్, పోకుండనే రాసినట్టున్నవ్. ఒక పూట ఓపీ కాడ కూసో, తోడొచ్చినోళ్ల మాటలు విను. పేర్లు మాత్రం రాసుకోకు.

ఆఖర్ల బాయిల దూకిచ్చుడు తీసెయ్. గోలీలు మింగుకుంట పత్తి ఏరబోయే యాదమ్మను రాయి. పక్క సాలు పట్టెటానికి ఎవలొస్తరు, ఎవలు జరుగుతరు, కూలి సగమే ఇస్తనని ఎవలంటరు? తిరగరాసి పంపు. ఈసారి అత్తకు గూడ ఒక పేరు పెట్టు.

నీ అన్న