క్షమాపణ: కోరాలా, చెప్పాలా?

సందేహం: మా తాతగారి 125వ జయంతికి కుటుంబ చరిత్ర అచ్చు వేయిస్తున్నాం. నల్లగొండ జిల్లాలో ఆయన దొర. అందులో ‘ఆ రోజుల్లో ఊళ్లో వెట్టి ఉండేది. అందుకు మా కుటుంబం క్షమాపణ కోరుతోంది’ అని రాశాను. ‘క్షమాపణ కోరడమేంటి, చెప్పాలి’ అంటాడు మా బావ. ‘చింతిస్తున్నాం అంటే చాలదా’ అంటారు మా చిన్నాన్న. ఏది సరి?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

సమాధానం: వ్యాకరణం వరకు మీ బావగారిదే పైచేయి. క్షమ అంటే ఓర్పు, మన్నింపు. క్షమాపణ అంటే ఆ మన్నింపును అడగడం. పూజ చివర చదివే అపరాధ క్షమాపణ శ్లోకాల్లో ఉన్నది ఈ అర్థమే. కాబట్టి ‘క్షమాపణ కోరడం’ అంటే అడగడాన్ని అడగడం అవుతుంది. ‘క్షమాపణ చెప్పడం’, ‘మన్నింపు కోరడం’ అంటే ఏ పేచీ లేదు. అయినా పేపర్లలో, కోర్టుల్లో ‘క్షమాపణ కోరడం’ ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని ఇప్పుడు తప్పంటే జనం నన్ను చూసి నవ్వుతారు. ఉంచుకోండి.

చిన్నాన్నగారి మాట మాత్రం వద్దు. రైలు లేటైతే స్టేషన్ మైకులో వినిపించే మాట అది. బాధ ఉందంటుంది, తప్పు ఎవరిదో చెప్పదు. జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నూరేళ్లు నిండిన 2019లో బ్రిటన్ ప్రధాని థెరిసా మే పార్లమెంటులో విచారం వెలిబుచ్చారు, అంతే. 1914లో కొమగటమారు ఓడలో కెనడాకు వచ్చిన 376 మంది భారతీయుల్లో ఎక్కువమందిని దిగనివ్వకుండా తిప్పి పంపినందుకు కెనడా ప్రధాని ట్రూడో 2016లో అక్కడి పార్లమెంటులో క్షమాపణే చెప్పారు. రెండింటికీ ఒకే మాట వేస్తే వార్త అబద్ధమవుతుంది.

మీరు అడగలేదు గానీ, మీ వాక్యంలో నాకు గుచ్చుకున్న మాట ‘ఉండేది’. ఊళ్లో చెరువు ఉండేది, రావిచెట్టు ఉండేది, వెట్టి ఉండేది! చెరువులా అది దానంతట అది ఉండదు కదా, ఎవరో చేయించుకోవాలి. తెలుగులో కర్తను దాచేయడం మహా తేలిక. ‘ప్రాణనష్టం జరిగింది’, ‘భూములు పోయాయి’ అంటాం. చంపినవాడు, లాక్కున్నవాడు వాక్యంలోకి రానే రారు. మీ పెద్దలు ఏమేం చేయించుకున్నారో ఇంట్లో అడిగి కనుక్కోండి. ‘మా ఇంటివాళ్లు కుమ్మరితో కుండలు చేయించుకున్నారు, చాకలితో బట్టలు ఉతికించుకున్నారు, పైసా ఇవ్వలేదు’ అన్నట్టు రాయండి. దాని కింద ‘క్షమాపణ’ ఒక్క మాట వేసినా సరిపోతుంది, కోరినా చెప్పినా.

పేర్లు దొరికితే పేర్లే వేయండి. అయితే ఒక జాగ్రత్త. పాత లెక్కల పుస్తకాల్లో ‘ఎల్లిగాడు’ అని ఉంటుంది. చూసి రాసేటప్పుడు చెయ్యి అలాగే పోతుంది. ప్రూఫు దిద్దేటప్పుడు ‘ఎల్లయ్య’ అని మార్చండి. మీ తాతగారి పేరు చివర ‘గారు’ ఎలాగూ ఉంటుంది.