అంతర్జీవ ద్రవ్యజాలమా, అంతర్జీవద్రవ్య జాలమా?

సందేహం: మా అమ్మాయి జీవశాస్త్రం పుస్తకంలో 'అంతర్జీవ ద్రవ్యజాలం' అని ఉంది. ఇంకోచోట 'అంతర్జీవద్రవ్య జాలకం' అని చూశాను. ఏది ఒప్పు? అంతర్జీవం అంటే లోపలుండే జీవి అనుకోవాలా? గరుకు జాలం, నునుపు జాలం అంటే కణంలో రెండు జాలాలు ఉంటాయా?

సమాధానం: అంతర్జీవం అనే జీవి ఏదీ లేదండీ, మాట మధ్యలో తప్పుచోట ఖాళీ పడటంతో వచ్చిన తంటా ఇది. జీవద్రవ్యం ఒక్క మాట, కణంలో ఉండే జీవపదార్థం అని అర్థం. దానికి ముందు అంతర్ చేరితే అంతర్జీవద్రవ్యం, అంటే ఎండోప్లాజం, కణద్రవ్యంలో లోపలి భాగం. 1945లో కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్ అనే కణశాస్త్రవేత్తలు, వాళ్లతోటి వాళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కణాన్ని చూస్తే లేసు అల్లికలాంటిది లోపలి భాగంలోనే కనిపించింది, అంచుల దాకా రాలేదు. అందుకే 1953లో పోర్టర్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అని పేరు పెట్టాడు. అది అంచుల దాకా పాకి ఉంటుందని తర్వాత తేలింది గానీ అప్పటికే పేరు స్థిరపడిపోయింది. కాబట్టి ఇది అంతర్జీవద్రవ్యపు జాలం, ఖాళీ వదలాలంటే 'ద్రవ్య' తర్వాతే వదలాలి. పాఠ్యపుస్తకాల్లో మొదటి రూపం బాగా పాతుకుపోయింది, పరీక్షలో అలా రాసినా టెన్షన్ పడక్కర్లేదు.

జాలమన్నా జాలకమన్నా వలే. జాలరి పేరులోనూ అంతర్జాలంలోనూ ఉన్నది ఆ జాలమే. లాటిన్‌లో రెటిక్యులం అంటే చిన్న వల, నాళానికి నాళికలా జాలానికి జాలకం, అందుకని నా ఓటు జాలకానికి.

ఇక గరుకు, నునుపు. రెండు వలలు లేవు, ఒకే వలలో రెండు రకాల ప్రాంతాలు. ఈ వల అల్లుకున్నది పొరతో. ఆ పొరకు రైబోసోములు, అంటే ప్రోటీన్లు తయారుచేసే చిన్న రేణువులు, అంటుకున్నచోట బొడిపెలు బొడిపెలుగా కనిపిస్తుంది, అది గరుకు. కణం బయటికి పంపే ప్రోటీన్లు అక్కడ తయారై, లోపలికి దిగి, సరైన ఆకారంలో మడత పడతాయి. రైబోసోములు లేనిచోట నునుపు. కొవ్వులు, స్టెరాయిడ్లు తయారయ్యేది అక్కడ, కాలేయ కణాల్లోనైతే మందులను, విషాలను విరిచేది కూడా అక్కడే. ఈ వల కేంద్రకం వెలుపలి పొరతోనూ ఏకంగా కలిసే ఉంటుంది. అందుచేత ఒక కణం గురించి చెబుతూ 'జాలాలు' అని బహువచనం రాస్తే మాత్రం ఎర్ర పెన్నుతో కొట్టేయండి.